తిరిగి వచ్చే రోదసీ నౌకలు ఎందుకు ఆగిపోయాయి?

2000వ సంవత్సరంలో సిడ్నీ డార్లింగ్ హార్బరుకు వెళ్ళిన మనవారికి, అక్కడ ఒక పెద్ద గుడారం కింద నిలబెట్టిన తెల్లని రోదసీ నౌక జ్ఞాపకం ఉండే ఉంటుంది. అది రష్యావారి బురాన్. ఆ మాటకు మంచు తుఫాను అని అర్థం. ఆ ఏడాది ఫిబ్రవరిలో దానిని ఓడ మీద ఇక్కడికి తెచ్చారు. టిక్కెట్టు కొన్నవారు దాని సరుకుల అరలోనికి వెళ్ళి నడిచి చూడవచ్చును. మన ఆదివారపు తెలుగు తరగతివారితో కలిసి మేమూ వెళ్ళాము. అప్పటికి మేము వారమంతా బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం; ఆదివారం మాత్రం పిల్లల పక్కన కూర్చుని గుణింతాలు నేర్చుకొనేవాళ్ళం.

మాతో వచ్చిన పెద్దాయన ఒకరు ఫిజీలో నౌసోరి చక్కెర మిల్లులో ఫిట్టరుగా పనిచేసినవారు. 1959లో ఆ మిల్లు మూతపడేదాకా ఆయన అక్కడే ఉన్నారు. ఆయన నౌక చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనుకనున్న ఇంజన్లను చాలాసేపు చూసి, "దీనికి పనిచేసేవాళ్ళు ఎక్కడ?" అని అడిగారు. అక్కడి కుర్రవాడికి మేము ఇంగ్లీషులో చెప్పాము. "వాళ్ళెవరూ రాలేదు, నౌక ఒక్కటే వచ్చింది" అన్నాడు. పెద్దాయన తల ఊపి ఊరుకున్నారు. ఆ ప్రశ్నలోనే ఈ నౌకల కథ అంతా ఉన్నదని మాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఈ మధ్య తరగతిలో ఒక చిన్నది, "మాస్టారూ, అంత గొప్ప షటిల్ ను ఎందుకు ఆపేశారు?" అని అడిగినప్పుడు మాకు ఆ పెద్దాయనే గుర్తుకు వచ్చారు. అందుకే ఈ వ్యాసం.

మొదట షటిల్ అంటే ఏమిటో చూద్దాము. అంతకు ముందు రోదసిలోనికి పోయిన దాదాపు ప్రతి వాహనమూ ఒక్కసారికే పనికివచ్చేది. చంద్రుని మీదికి మనుషులను పంపిన పెద్ద రాకెట్టులో తిరిగి వచ్చినది ముగ్గురు మనుషులు కూర్చునే చిన్న గది మాత్రమే. ఊరికి ఒకసారి పోయి వచ్చి బస్సును పారవేయడం వంటిది ఈ పద్ధతి. కాబట్టి విమానం వలె దిగి, మళ్ళీ ఎగిరే నౌకను కట్టాలని అమెరికావారు తలపెట్టారు. 1972 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ ఈ పథకాన్ని ప్రకటించారు. ఏడాదికి యాభైసార్లు ఎగురుతుందని, ఒక యాత్రకూ మరొక యాత్రకూ నడుమ రెండు వారాలు చాలునని అప్పట్లో లెక్కలు వేశారు.

అనుకున్న సమయానికి అది సిద్ధం కాలేదు. దాని ఫలితం ఆస్ట్రేలియా మీదనే పడింది, మాటవరుసకు కాదు, నిజంగానే. స్కైలాబ్ అనే అమెరికా రోదసీ కేంద్రం మెల్లగా కిందికి జారుతుంటే, షటిల్ వెళ్ళి దానిని పైకి నెట్టవలసి ఉన్నది. షటిల్ రాలేదు. 1979 జూలైలో స్కైలాబ్ ముక్కలై పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ పరిసరాలలో పడింది. చెత్త పారవేసినందుకు అక్కడి షైరువారు నాసాకు 400 డాలర్ల జరిమానా వేశారు! ఆ ఏడాదే మేలో ఫిజీలో మనవారి గిర్మిట్ నూరేళ్ళ జ్ఞాపకోత్సవాలు జరిగాయి. అప్పుడు చిన్న పిల్లలమైన మేము ఈ రెండు వార్తలనూ ఒకే రేడియోలో విన్నాము.

చివరకు 1981 ఏప్రిల్ 12న కొలంబియా ఎగిరింది. నౌక పొట్ట కింద పెద్ద ట్యాంకు, దానికి రెండు పక్కల రెండు బూస్టరు రాకెట్లు. బూస్టర్లు పారాషూట్లతో సముద్రంలో పడితే వాటిని తెచ్చి మళ్ళీ వాడేవారు. ట్యాంకు మాత్రం ప్రతిసారీ కొత్తదే. నౌక పని ముగించుకొని, ఇంజను బలం లేకుండా గాలిలో జారుతూ వచ్చి రన్వే మీద దిగేది.

చిక్కు ఎక్కడ వచ్చినదంటే, దిగిన తరువాత. చెరకు ఊళ్ళలో పెరిగినవారికి దీనిని వివరించడం సులువు. మిల్లుకు క్రషింగు సీజను ఒకటి, స్లాకు సీజను ఒకటి. స్లాకులో రోలర్లు విప్పి, బాయిలర్లు కడిగి, అరిగినవి మార్చి, మిల్లును మళ్ళీ నిలబెట్టాలి. బయటివారికి మిల్లు ఆగి ఉన్నట్లే కనపడుతుంది. ఫిట్టరుకు మాత్రం అసలు పని అప్పుడే. షటిల్ కూడా అంతే. వారమో రెండు వారాలో ఎగిరేది. నెలల తరబడి స్లాకు.

తిరిగి వచ్చేటప్పుడు నౌక గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో గాలిలోనికి చొరబడుతుంది. ముక్కు, రెక్కల అంచులు 1,600 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కాగుతాయి. లోపలి అల్యూమినియం ఒళ్ళు 175 డిగ్రీలకు మించి ఓర్వదు. ఆ వేడిని ఆపడానికి సిలికా నారతో చేసిన తేలికైన పలకలను 24,000కు పైగా నౌకకు అతికించారు. చోటును బట్టి వాటి ఆకారాలు వేరు. ప్రతి పలకకూ ఒక నంబరు. ప్రతి యాత్ర తరువాత మనుషులు వాటిని ఒక్కొక్కటిగా చూసి, పగిలినది తీసి, కొత్తది అతికించవలసినదే. ఇంజన్లను కూడా ఊడదీసి పరీక్షించేవారు. రెండు వారాలు అనుకున్నది ఏనాడూ సాధ్యపడలేదు. ఒకే నౌక అతి త్వరగా మళ్ళీ ఎగిరినది 54 రోజులకు, 1985లో అట్లాంటిస్. ఏడాదికి యాభై అనుకున్న యాత్రలు ఏ సంవత్సరంలోనూ తొమ్మిది దాటలేదు.

కాబట్టి "మళ్ళీ వాడుకొనేది" అంటే "చవక" అని అర్థం కాదు. నౌకను మళ్ళీ ఎగిరేటట్లు చేసేది లోహం కాదు, వేలాది పనివాళ్ళ చేతులు. నౌక ఎగిరినా ఎగరకపోయినా ఆ చేతులకు కూలి ఇవ్వాలి. ఖర్చులో పెద్ద భాగం అదే.

పైగా ప్రాణాపాయం. 1986 జనవరి 28న చలికి బూస్టరులోని రబ్బరు వలయం బిగుసుకుపోయి, ఛాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైంది. ఏడుగురు పోయారు. వారిలో ఒకరు క్రిస్టా మెకాలిఫ్ అనే బడిపంతులమ్మ. 2003 జనవరిలో కొలంబియా ఎగిరేటప్పుడు ట్యాంకు పైనుండి నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తుండగా ఆ దెబ్బ తగిలిన చోటునుండి వేడి లోపలికి చొరబడి నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. మరుసటి ఏడాది, అంతర్జాతీయ రోదసీ కేంద్రం కట్టడం పూర్తికాగానే షటిల్లను విరమించాలని అమెరికా ప్రభుత్వం నిశ్చయించింది. 2011 జూలై 21న అట్లాంటిస్ చివరిసారి దిగింది. ముప్పై ఏళ్ళలో మొత్తం 135 యాత్రలు.

ఇందులో ఈ దేశానికీ పాలు ఉన్నది. 1984 అక్టోబరులో ఛాలెంజర్ లో వెళ్ళిన పాల్ స్కల్లీ-పవర్ సిడ్నీలో పుట్టినవాడు, సముద్ర శాస్త్రవేత్త. అడిలైడులో పుట్టిన ఆండీ థామస్ నాలుగు యాత్రలు చేశాడు. కొలంబియా పోయిన తరువాత 2005లో మొదటిసారి ఎగిరిన డిస్కవరీలో అతడూ ఒకడు. అందరూ జంకే వేళ వెళ్ళినవాడు.

ఇక డార్లింగ్ హార్బరు నౌక సంగతి. అమెరికా షటిల్ కు పోటీగా 1976లో సోవియట్ ప్రభుత్వం బురాన్ పథకం మొదలుపెట్టింది. అదే కాలంలో వారు బోర్-4 అనే చిన్న రెక్కల నౌకను కూడా, మనుషులు లేకుండా, పరీక్షించారు. 1982లోనూ 1983లోనూ అది కోకోస్ దీవుల దిక్కున హిందూ మహాసముద్రంలో దిగినప్పుడు, ఆస్ట్రేలియా వాయుసేన ఓరియన్ విమానాలు పైనుండి ఫోటోలు తీశాయి. ఆ ఫోటోలను చూసి అమెరికా ఇంజనీర్లు అటువంటి ఆకారాన్నే పరీక్షించారు. నేటి డ్రీమ్ చేజర్ అనే నౌక రూపం ఆ వరుసలోనిదే.

1988 నవంబరు 15న బురాన్ ఎగిరింది. లోపల మనిషి లేడు. భూమిని రెండుసార్లు చుట్టి, 206 నిమిషాలకు, గట్టి పక్కగాలిలో తనంతట తానే రన్వే మీద దిగింది. పని తెలిసినవారందరూ దానిని మెచ్చుకున్నారు. కాని అదే మొదటి యాత్ర, అదే చివరి యాత్ర. 1991 డిసెంబరులో సోవియట్ దేశమే లేకుండా పోయింది. జీతాలు లేక పనివాళ్ళు చెదిరిపోయారు. 1993లో పథకం ఆగిపోయింది. మనుషులను తీసుకొనిపోవడానికి కట్టిన ఆ నౌకలో ఒక్క మనిషి కూడా రోదసికి పోలేదు. 2002 మే 12న బైకనూరులో దానిని ఉంచిన షెడ్డు పైకప్పు కూలి ఆ నౌక నలిగిపోయింది. పైకప్పు బాగుచేస్తున్న ఎనిమిది మంది పనివాళ్ళు చనిపోయారు.

సిడ్నీకి వచ్చినది దాని జోడు నౌక. అది రోదసికి పోయినది కాదు. దిగడం నేర్చుకోవడానికి నాలుగు జెట్ ఇంజన్లు బిగించి కట్టినది. ఇగార్ వోల్క్ మొదలైన పైలట్లు 1985 నుండి 1988 వరకు దానిని 25 సార్లు ఎగరవేశారు. మా పెద్దాయన చూసిన ఇంజన్లు అవే. ఇక్కడ ప్రదర్శన నడిపినవారు దివాలా తీశారు. గుడారం పోయి నౌక ఎండకూ వానకూ మిగిలింది. 2001లో మేము ఆ దారిన పోతూ చూస్తే, కంచె వెనుక మాసిపోయి నిలబడి ఉన్నది. పక్కనే పిర్మాంట్. మన తాతల చెరకు కొన్న సి.ఎస్.ఆర్. కంపెనీవారి పెద్ద చక్కెర శుద్ధి మిల్లు ఉండిన చోటు. అదీ అప్పటికే మూతపడింది. 2002లో నౌకను బహ్రెయిన్ కు పంపారు. అక్కడా కొన్నేళ్ళు దిక్కులేకుండా పడి ఉంటే, జర్మనీలోని స్పైయర్ మ్యూజియంవారు కొని, 2008లో రైన్ నది మీద పడవలో తెచ్చి నిలిపారు. ఇప్పుడు అది క్షేమంగా ఉన్నది. కాని ఎగరదు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఇట్టి నౌకలు పూర్తిగా పోలేదు. 2020 నుండి మనుషులను తీసుకొనిపోతున్న డ్రాగన్ నౌక గదిని కూడా మళ్ళీ మళ్ళీ వాడుతున్నారు. గుంటూరు జిల్లా మూలాలు గల మన తెలుగు అమ్మాయి బండ్ల శిరీష 2021 జూలై 11న యూనిటీ అనే రెక్కల నౌకలో రోదసి అంచుకు వెళ్ళివచ్చింది. ఆ నౌక కూడా 2024 జూన్ లో చివరి యాత్ర చేసి విరమించింది. అయితే దానిని నడిపిన కంపెనీ ముందే తరువాతి నౌకలు కట్టే పనిలో ఉన్నది. నేర్చినవారి విద్య దిక్కులేనిది కాలేదు. తేడా అంతా ఇక్కడే ఉన్నది.

ఒక నౌక ముసలిదైతే నష్టం లేదు. దానిని మళ్ళీ ఎగిరేటట్లు చేయగలవారు చెదిరిపోతేనే పథకం చచ్చినట్లు. అమెరికాలో షటిల్ ఆగిన తరువాత, తమ గడ్డ మీదనుండి సొంత నౌకలో మనుషులను పంపడానికి వారికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. అంతవరకు రష్యావారి సోయుజ్ లో చోటు కొనుక్కొని వెళ్ళారు.

నౌసోరి మిల్లు మూసినప్పుడు ఏమైందని మేము పెద్దాయనను ఒకసారి అడిగాము. "ఇనుము అమ్ముకున్నారు. పని తెలిసినవాళ్ళం తలా ఒక దిక్కుకు పోయాం" అన్నారు. ఆయనకు తెలుగు తల్లి నేర్పింది. మాకు ఆయన నేర్పారు. మా ఇంట్లో మాత్రం మూడు తరాలుగా ఫిజీ హిందీయే. ఆయన పోయి పదేళ్ళు దాటింది. ఆయన రాసి ఇచ్చిన వాచకాలు మన తరగతి బీరువాలో చెక్కుచెదరకుండా ఉన్నవి. అవి నౌక వంటివి. వాటిని తెరిచి, పిల్లవాని పక్కన కూర్చుని, తప్పు దిద్దేవారు ఇప్పుడు తరగతిలో ఇద్దరమే మిగిలాము. ఇద్దరికీ యాభై దాటింది.

కాబట్టి చదువరులకు ఒక మనవి. మీ ఇంటిలో గుణింతాలు పూర్తిచేసిన యువతీ యువకులు ఉంటే, వారిని ఆదివారం చదువుకోవడానికి కాదు, చదువు చెప్పడానికి పంపండి. మొదట మా పక్కన కూర్చుని చూస్తారు. తరువాత మేము వారి పక్కన కూర్చుంటాము. "దీనికి పనిచేసేవాళ్ళు ఎక్కడ?" అని ఎవరైనా అడిగితే, "ఇక్కడే ఉన్నాము" అని చెప్పగలగాలి.