కొండమీద పెండ్లిదినము

తెలుగునాట దేవునికి ఏటేట పెండ్లి చేయుట ఉన్నది గాని, మనుష్యుడు తన పెండ్లిదినమును ఏటేట తలచుకొనుట నిన్నమొన్నటి ముచ్చట. భద్రాద్రిలో చైత్రమున సీతారాములకు, అహోబలమున ఫాల్గుణమున నరసింహస్వామికి కల్యాణము జరుగక మానదు. ఆ కల్యాణములకు కుటుంబముతో తరలిపోయి తలంబ్రాలు తెచ్చుకొను గృహస్థు మాత్రము తన పెండ్లి తిథి యేదో పంచాంగము చూచిన గాని చెప్పజాలడు. ఇల్లాలికి అది కంఠపాఠమే. అడుగువారు లేక ఆమె చెప్పదు.

నంద్యాలలో ఉపాధ్యాయులుగా నున్న యొక దంపతులు తమ 25వ పెండ్లిదినమును, మాఘమాసమున, అహోబలపు కొండలలో నడచుచు గడపవలెనని నిశ్చయించుకొనిరి. ఆయన గణితము చెప్పును. ఆమె తెలుగు చెప్పును. ఆయన విద్యార్థిదశలో మిత్రులతో గూడి ఉగ్రస్తంభము నెక్కినవాడు. ఆ ఆరోహణకథ వినని చుట్టము వారి యింట లేడు. ఆమెయో, ఎఱ్ఱాప్రగడను ఇరువది యేండ్లుగా పాఠము చెప్పుచున్నను, ఎగువ అహోబలాలయము దాటి అడుగు పెట్టలేదు. పోయిన ప్రతిసారియు చంకలో బిడ్డయో, అత్తగారి మోకాళ్ల నొప్పులో, ఏదియు లేనినాడు మూటలకు కాపలాయో ఆమె పాలబడెను.

ఇంకొక సంగతి. గడచిన యేడు ఆయనకు గుండెనాళములో పూడిక యేర్పడి చికిత్స జరిగినది. "మెల్లగా నడువవచ్చును, నిట్రమైన కొండ లెక్కరాదు" అని వైద్యుడు చీటీపై వ్రాసియిచ్చెను. అందు మొదటి సగమే ఆయన భార్యకు వినిపించెను.

అహోబలము నల్లమలలోనిది. 2022 వఱకు కర్నూలు జిల్లాలో నుండి, ఆ యేట నేర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. దిగువ అహోబలమునకును ఎగువ అహోబలమునకును నడుమ ఎనిమిది కిలోమీటర్లు. అంతవఱకు బస్సు పోవును. ఆపైన కాళ్లదే భారము. వేదాద్రి, గరుడాద్రుల మధ్య భవనాశిని ప్రవహించును. నరసింహుని తొమ్మిది రూపములకు తొమ్మిది ఆలయములు కొండలోను అడవిలోను చెదరియున్నవి. దేవతలు స్వామి పరాక్రమమును చూచి "అహో బలము" అనిరని కొందఱు, ఆయన గుహను చూచి "అహో బిలము" అనిరని కొందఱు పేరునకు అర్థము చెప్పుదురు. ఎఱ్ఱన తన నృసింహపురాణమును అంకితమిచ్చినది ఈ స్వామికే. కళింగ దండయాత్రల కాలమున, 1515లో, కృష్ణదేవరాయలు ఇచ్చటికి వచ్చి స్వామికి ఆభరణములు సమర్పించినట్లు శాసనము కలదు.

రాయలవారి రాకకంటె చిత్రమైనది స్వామివారి పోక. కనుమనాడు ఉత్సవమూర్తులు పల్లకిలో కొండ దిగి పారువేటకు బయలుదేరుదురు. నలుబది దినములకు పైగా, ముప్పదికి పైగా గ్రామములలో ఊరేగి, ఫాల్గుణమున జరుగు తమ పెండ్లికి ప్రజలను తామే పిలుచుకొందురని జనుల నమ్మిక. శుభలేఖ పంపి యూరకుండు పెద్దలు ఈ మర్యాదను గమనింపదగును. మన దంపతులు వెళ్లిన దినమున స్వామి ఇట్లు పల్లెలలోనే యుండెను.

ఎగువ అహోబలమున అంగడివాడు వెదురుకఱ్ఱలు చూపగా, ఆయన భార్యకొకటి తీసికొని, "నాకెందుకు?" అని ముందు నడచెను. బజారులోనైనను తీర్థములోనైనను పది అడుగులు ముందుండుట ఆయన కలవాటు. భవనాశి వెంబడి బండలమీదుగా దారి సాగినది. మాఘమగుటచే నీరు సన్నగిల్లి, గులకరాళ్లు మెఱయుచుండెను. క్రోడనరసింహుని సన్నిధి దాటిన పిమ్మట ఎక్కుడు మొదలయ్యెను. ఆయన ఒక చెట్టుకడ నిలిచి బెరడును తడవి చూచెను. ఇరువది యడుగులు పోయి మఱియొక చెట్టును పరీక్షించెను. మూడవ చెట్టుకడకు ఆమె వచ్చి చేరెను.

"చెట్టు చదవడం అయిందా?"

"ఏగిస చెట్టు ఇది. చేవ చూస్తున్నా."

"ఇందాక చూసిందీ ఏగిసే."

ఆయన బదులు చెప్పలేదు. ఆమె కఱ్ఱను ఆయన చేతికిచ్చి ముందు నడచెను.

జ్వాలానృసింహుని ఆలయము కొండ అంచున, జలధార పడు చోటికి చేరువగా నున్నది. ఎనిమిది చేతులతో హిరణ్యకశిపుని ఒడిలో వేసికొని చీల్చుచున్న ఉగ్రమూర్తి. దర్శనమైన వెనుక, ఉగ్రస్తంభపు దారికడ ఇరువురును నిలిచిరి. రాళ్లు, వేళ్లు పెనగొన్న నిట్రమైన త్రోవ యది. కడపనుండి వచ్చిన యాత్రికులు కొందఱు, దారి చూపు ఒక చెంచు యువకునితో పైకి పోవ సిద్ధముగా నుండిరి.

"మనమూ పోదాం. నడవమనే గదా డాక్టరు చెప్పింది," అని ఆయన.

"మెల్లగా నడవమన్నాడు, కొండ లెక్కొద్దన్నాడు. ఆ చీటీ నేనూ చదివినా."

ఆయన ముఖము ముడుచుకొనెను. ఇంటినుండి ఇంతదూరము ఆమె ఈ మాట ననక దాచినదనుట ఆయనకు అప్పుడు తోచెను. కొంత తడవునకు చేతిసంచి తీసికొని బండపై కూర్చుండెను.

"నువ్వు పోయి రా. సంచి నేను చూసుకుంటా."

"మిమ్మల్ని ఒక్కర్నే విడిచిపెట్టా?"

"పోయి రా. స్తంభం చూడకుండానే ఇన్నేళ్లు పాఠం చెప్పినావు."

ఆమె రెండుమార్లు వెనుదిరిగి చూచి, కొంగు నడుమున బిగించి, యాత్రికులతో కలిసిపోయెను.

మొదటి గంటలో ఆయన తొమ్మిదిమార్లు గడియారము చూచెను. కోతి యొకటి సంచిలోని అరటిపండ్లను ఎత్తుకొనిపోయెను. కాపలా అనునది చూచుటకు వలె సులభము కాదు. తిరుపతిలో, శ్రీశైలములో, నంద్యాల సంతలో ఆమె మూటలకడ కూర్చుండిన గంటలను లెక్కగట్ట జూచెను. లెక్కల మాష్టారే గాని ఆ కూడిక పూర్తికాలేదు. అచ్చటనే కూర్చున్న యొక ముదుసలి చెంచులక్ష్మి కథ నెత్తుకొనెను. చెంచుల కథలో హిరణ్యకశిపుని చీల్చిన స్వామి అడవిపిల్లను వలచి, మామగారి మెప్పుకై గడ్డలు త్రవ్వి, తేనె తీసి పరీక్షకు నిలువవలసి వచ్చినది. నేటికిని చెంచులు ఆయనను అల్లుడనియే అందురు. గణితోపాధ్యాయుడు ఆ ముదుసలిచేత కథను రెండవమాఱు చెప్పించుకొనెను.

మిట్టమధ్యాహ్నమునకు ఆమె దిగివచ్చెను. చీరకుచ్చెళ్లు మట్టిగొట్టుకొని, మోచేయి గీచుకొని యున్నది. ఆయన లేచి నిలిచి మంచినీళ్లు అందించి, "పైన ఏముంది?" అని యడిగెను. ఆ ప్రశ్న ఆయన వేయుట అది మొదటిసారి. అంతవఱకు జవాబు చెప్పెడివాడు ఆయనయే.

"మీరు చెప్పినట్లు లేదు. స్తంభమంటే నున్నగా నిలబెట్టిన కంబం అనుకున్నా. కొండే నిలువునా చీలిపోయింది. పైన జెండా ఉంది, పాదుకలున్నాయి. గాలి మాత్రం మీరు చెప్పినంతా ఉంది."

"భయమేసిందా?"

"ఒకచోట వేసింది. ఆ చెంచుపిల్లవాడు చెయ్యిచ్చినాడు. ఇన్నాళ్లూ పిల్లలకు మీ మాటే చెప్తూ వచ్చినా. రేపు మళ్లీ మొదటినుంచీ చెప్పాల."

తిరుగుదారిలో మాలోలుని దర్శించిరి. ఇచ్చట స్వామి లక్ష్మిని తొడపై నిడుకొని శాంతుడై యున్నాడు. 'మా' యనగా లక్ష్మి. ఆమెయందు ఆసక్తుడు మాలోలుడు. ప్రహ్లాదుని బడి యను గుహయందు రాతిపై అక్షరములవంటి గీతలున్నవి. చండామార్కులు ఓడిన బడి యది. శిష్యుడు తమకంటె ఎక్కువ నేర్చినప్పుడు గురువులు పడు ఇబ్బంది ఎట్టిదో ఆ ఇరువురికిని తెలియును. కావున అచ్చట కొంత హెచ్చుసేపే నిలిచిరి.

ప్రొద్దు వాలునప్పటికి ఎగువ అహోబలము చేరిరి. అంగడివాడు కఱ్ఱ తిరిగి యిచ్చినచో సగము పైకము ఇత్తుననెను. ఆయన ఇయ్యలేదు. బస్సులో దానిని పైన పెట్టుటకును ఒప్పుకొనక, ఒడిలో నిడుకొని, కిటికీ ప్రక్క చోటు భార్యకు విడిచి కూర్చుండెను.