అక్కడా సంకటే... అక్కడా పులుపే!

విదేశీ వంటలనగానే మనకు పిజ్జాలు, కేకులే గుర్తొస్తాయి. మావారి ఉద్యోగరీత్యా రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మూడేళ్లు కాపురం చేసిన నాకు మాత్రం సంకటి, పుల్లటి చారు, నిలవ పచ్చడి గుర్తొస్తాయి. ఆశ్చర్యంగా ఉందా? అయితే వినండి.

వాళ్ల సంకటి పేరు మమలీగ. మరుగుతున్న ఉప్పునీళ్లలో మొక్కజొన్న రవ్వ కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో ఆపకుండా తిప్పుతారు. దగ్గరపడ్డాక చెక్కపలక మీద బోర్లిస్తే గట్టిపడుతుంది. దాన్ని కోసేది చాకుతో కాదు, దారంతో! పైన గొర్రెపాల చీజ్, పుల్లటి మీగడ వేసుకుని తింటారు. అమెరికా ఖండం నుంచి మొక్కజొన్న రాకముందు ఇదే వంట వరిగలతో చేసేవారట.

ఇక చారు... దాని పేరు చోర్బ. పులుపుకి చింతపండు ఎక్కడ దొరుకుతుంది? గోధుమ తవుడు నీళ్లలో వేసి కొన్నిరోజులు పులియబెట్టి, ఆ తేట వడగట్టి పోస్తారు. దాన్ని బోర్ష్ అంటారు. మొదటిసారి ఆ వాసన తగలగానే మా అమ్మమ్మ తరవాణి కుండ కళ్లముందు మెదిలింది.

పండగైనా పెళ్లయినా సర్మాలె ఉండాల్సిందే. పులియబెట్టిన క్యాబేజీ ఆకుల్లో పంది ఖైమా, బియ్యం కలిపి చుట్టి, సన్నసెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. శాకాహారులు దిగులుపడక్కర్లేదు. ఆర్థొడాక్స్ క్రైస్తవులు కాబట్టి వీళ్లకి ఉపవాసాలు ఎక్కువే. నిష్ఠగా ఉండేవాళ్లు ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అప్పుడు సర్మాలెలో పుట్టగొడుగులు పెడతారు. హోటల్లో 'దె పోస్ట్' అని అడిగితే ఉపవాసపు వంటే తెచ్చిపెడతారు.

ఈ కమ్మటి వంటల వెనక ఓ చేదు దశాబ్దం ఉంది. 1980లలో నియంత చౌషెస్కు విదేశీ అప్పులు తీర్చడానికి దేశంలోని ఆహారాన్ని ఎగుమతి చేయించాడు. ఇంట్లో జనానికి రొట్టె, నూనె, పంచదార అన్నీ రేషనే. తెల్లారకముందే క్యూలు. దుకాణంలో పంది కాళ్లు తప్ప మాంసం దొరక్కపోతే వాటికి 'అడిడాస్' అని పేరుపెట్టి నవ్వుకున్నారు. కాఫీ బదులు అమ్మిన పొడికి గుర్రం సకిలింపు స్ఫురించేలా 'నెకెజోల్' అని పేరుపెట్టారు. 1989 ఏప్రిల్‌లో అప్పు తీరిందని ప్రకటించాడు. ఆ డిసెంబరులోనే అతని పాలన కూలిపోయింది.

"ఆ రోజుల్లో వంట కన్నా సరుకు తేవడమే పెద్ద పనమ్మా" అనేవారు మా పక్కింటి మామ్మగారు. మాంసం లేని రోజున బీన్సు గింజలు ఉడికించి, మెత్తగా మెదిపి, వెల్లుల్లి కలిపి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు వేసేవారట. పేరు ఫసోలె బతూత. మన ముద్దపప్పుకి అక్కగారే! ఆ ఇళ్లను నిలబెట్టినవి విందుభోజనాలు కావు, ఇలాంటి గిన్నెడు వంటలే.

ఇప్పుడు దుకాణాల్లో అన్నీ దొరుకుతున్నాయి. అయినా చలికాలం ముందు ఆవిడ సీసాలు కడిగి ఆరబెట్టేవారు. ఎందుకండీ ఈ శ్రమ అంటే, "చలికాలాన్ని నమ్మకూడదు" అనేవారు. ఆ సీసాల్లోకెక్కే జకూస్క మీరూ చేసి చూడండి.

జకూస్క

కావలసినవి: పెద్ద వంకాయలు 1 కిలో, ఎర్ర క్యాప్సికం 1 కిలో, ఉల్లిపాయలు అరకిలో, టమాటాలు అరకిలో, నూనె 1 గ్లాసు, బిర్యానీ ఆకులు 2, మిరియాల పొడి, ఉప్పు తగినంత.

చేసే విధానం: వంకాయలు, క్యాప్సికం నిప్పుల మీద కాల్చి, తొక్కతీసి, నీరు ఓడ్చి సన్నగా తరగాలి. నూనెలో ఉల్లిముక్కలు మెత్తబడేదాకా వేయించి, టమాటా గుజ్జు వేసి, ఉడికాక కాల్చిన ముక్కలు, ఆకులు, ఉప్పు, మిరియాల పొడి కలపాలి. సన్నసెగ మీద గంటసేపు కలుపుతూ నూనె పైకి తేలేదాకా ఉంచాలి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగైదు రోజుల్లో వాడేయండి. వాళ్లు రొట్టె మీద రాసుకుంటారు. మనకి వేడన్నంలోకీ బాగుంటుంది.