అన్నం సరే... నీడ మాటేమిటి?

బుఖారీ హదీసు సంకలనంలో స్త్రీ మస్జిదులో నిద్రించటం గురించి ఒక చిన్న అధ్యాయం ఉన్నది. అందులో హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఒక వృత్తాంతం కనబడుతుంది. మన జుమా ప్రసంగాలలో అది అంతగా వినిపించదు గనుక ముందుగా దాన్ని చెప్పుకుందాం.

ఆమె ఒక అరబ్బు తెగవారి నల్లజాతి బానిస. వారు ఆమెకు స్వేచ్ఛ ఇచ్చారు. అయినా ఆమె వారితోనే ఉండిపోయారు. ఒకరోజు ఆ తెగలోని ఒక అమ్మాయి ధరించే ఎర్రని తోలుపట్టీ కనబడకుండా పోయింది. మాంసం ముక్క అనుకొని దాన్ని గద్ద తన్నుకుపోయింది. నింద మాత్రం ఈమెపై పడింది. ఒళ్లంతా వెదికారు, నలుగురిలో చెప్పుకోలేని అవమానం చేశారు. ఆమె అలా నిలబడి ఉండగానే గద్ద మళ్లీ వచ్చి ఆ పట్టీని వాళ్ల మధ్యనే జారవిడిచింది. దొంగ కాదని రుజువైంది. ఆ తర్వాత ఆమె దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఇస్లాం స్వీకరించారు. మస్జిదె నబవీలోనే ఆమెకు ఒక చిన్న గుడారం ఉండేది. అక్కడి నుంచి హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు వచ్చి కూర్చొని మాట్లాడేవారు. వచ్చిన ప్రతిసారీ ఆ పట్టీ పోయిన రోజును తలచుకునేవారట. బుఖారీలో ఆమె పేరు లేదు.

దొంగతనం నింద మోసిన ఒంటరి స్త్రీకి చోటు దొరికింది ఎక్కడో ఊరి చివర కాదు, దైవప్రవక్త (స) గారి ఇంటిని ఆనుకొని ఉన్న మస్జిదులో. ఈ సంగతిని మనసులో పెట్టుకొని పాఠకులు మిగతాది చదవాలని మా మనవి.

అదే మస్జిదులో సుఫ్ఫా అనే అరుగు ఉండేది. మక్కా నుంచీ ఇతర ప్రాంతాల నుంచీ వచ్చిన నిరుపేదలు ఆ పందిరి కింద ఉండేవారు. హజ్రత్ అబూ హురైరా (రజి) కూడా వారిలో ఒకరే. కప్పుకోవటానికి పైబట్ట కూడా లేనివారిని డెబ్బయి మందిని తాను చూశానని ఆయనే తెలిపారు. భోజనానికి వారిని సహాబీలు పంచుకొని తమ ఇళ్లకు తీసుకువెళ్లేవారు. ఇద్దరికి సరిపడా ఉన్నవారు మూడో మనిషిని తీసుకుపోవాలని దైవప్రవక్త (స) చెప్పగా, ఒకసారి హజ్రత్ అబూబక్ర్ (రజి) ముగ్గురిని, దైవప్రవక్త (స) స్వయంగా పది మందిని తీసుకువెళ్లారు. అన్నం తిని వాళ్లు తిరిగి వచ్చేది సుఫ్ఫాకే. అన్నమూ, పడుకునే చోటూ రెండూ సమాజం పూచీలోనే ఉన్నాయి.

ఈ రెండింటిలో మనం మొదటిదాన్ని బాగానే నిలుపుకున్నాం. రమజాన్ మాసంలో హైదరాబాద్‌లోని ఆసుపత్రుల ముందు, నాంపల్లి స్టేషను దగ్గర ఇఫ్తార్ పొట్లాలు పంచే యువకులను చూస్తే సంతోషం కలుగుతుంది. చలికాలంలో దుప్పట్లు పంచేవారూ ఉన్నారు. అయితే దుప్పటి తీసుకున్న మనిషి తెల్లవారగానే దాన్ని ఎక్కడ పెట్టాలి? కూలికి పోతూ భుజాన వేసుకొని పోలేడు. ఫుట్‌పాత్ మీద వదిలితే సాయంత్రానికి ఉండదు. ఇల్లు లేని మనిషికి లేనిది పైకప్పు ఒక్కటే కాదు. మూట దాచుకునే మూల లేదు, స్నానానికి నీళ్లు లేవు, ఉత్తరం వచ్చే చిరునామా లేదు. ఆడవారికైతే గడియ పడే మరుగుదొడ్డి లేదు. రాత్రంతా కూర్చొనే తెల్లవార్చే తల్లులు ఉన్నారు, నిద్రపోతే పక్కనున్న పిల్ల ఏమవుతుందోనని.

వీరు ఎంతమంది? 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి వీరిని ప్రత్యేకంగా లెక్కించారు. రోడ్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, హ్యూమ్ పైపుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ప్రార్థనా స్థలాల ఆవరణల్లో పడుకునేవారంతా ఇల్లు లేనివారి కిందికే వస్తారు. దేశం మొత్తంమీద 17 లక్షల 73 వేల మంది తేలారు. వారిలో 9 లక్షల 38 వేల మంది పట్టణాల్లోనివారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 లక్షా 45 వేలు. ఒక్క రాత్రిలో తీసిన లెక్క ఇది. పోలీసు లాఠీకి భయపడి చోటు మారేవాళ్లు అందులో అందరూ దొరికి ఉంటారని మేము అనుకోము.

ప్రభుత్వ బాధ్యత లేదని కాదు. జీవించే హక్కులో బతుకుతెరువు హక్కు కూడా ఉన్నదని బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఢిల్లీ చలికి మనుషులు చనిపోతున్నారన్న సంగతి 2010లో కోర్టు ముందుకు వచ్చిన తర్వాత నగరాల్లో షెల్టర్ల నిర్మాణంపై ఆదేశాలు వెలువడ్డాయి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకంలో లక్ష జనాభాకు నూరు మందికి సరిపడే షెల్టరు ఉండాలన్న ప్రమాణం పెట్టారు. కాగితం మీది ఆ ప్రమాణానికీ రాత్రిపూట వీధిలో కనబడే దృశ్యానికీ ఉన్న దూరం పాఠకులకు తెలిసినదే.

మన నగరానికి ఈ విషయంలో పాత అనుభవం ఉన్నది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలను, ఇళ్లను తీసుకుపోయింది. ఉర్దూ రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ దిక్కులేనివారి కోసం తన మహళ్ల తలుపులు తెరిపించారు. వరద తీసిన తర్వాత కూడా పని ఆగలేదు. ఆయన కుమారుడి పాలనలో 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, మురికివాడలను తొలగించిన చోట్ల సామాన్యులకు ఇళ్లు కట్టించే పని చేపట్టింది. నాంపల్లి స్టేషను దగ్గర బాటసారుల కోసం 1919లో సరాయి కట్టించినదీ ఆ ఏడవ నిజామే. మక్కాలో నిజాములు వక్ఫ్ చేసిన రుబాత్‌ల సంగతి హజ్ చేసివచ్చిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. పాత హైదరాబాద్ రాష్ట్రపు ప్రాంతాల నుంచి వెళ్లిన యాత్రికులకు అక్కడ ఉచితంగా బస దొరికేది, కుర్‌ఆలో పేరు రావటమే ఆలస్యం. పరాయి దేశంలో మనవాడికి నీడ ఉండాలని నూరేళ్ల క్రితం ఆలోచించినవారి వారసులం మనం. అదే వక్ఫ్ కింద ఇక్కడ మల్గీలు కట్టి అద్దెకిస్తున్నాం. అందులో తప్పు లేదు, ఇమాము జీతం అందులోంచే రావాలి. అయితే పది మల్గీల పైన ఒక గది ఎందుకు ఉండకూడదు?

మస్జిదుకు ఇషా తర్వాత తాళం వేస్తారు. యాంప్లిఫయరు, మోటారు దొంగతనం పోయిన చోట తాళం వేయవద్దని చెప్పే ధైర్యం మాకూ లేదు. పైగా హనఫీ ఫిఖ్‌హ్‌లో ముసాఫిర్, ఎతికాఫ్‌లో ఉన్నవారు తప్ప ఇతరులు మస్జిదులో నిద్రించటాన్ని మక్రూహ్ అన్నారు. కాబట్టి నమాజు హాలులో పడకలు వేయమని మేము అనటం లేదు. ఆవరణలోని గది, వజూఖానా పక్కన ఉన్న షెడ్డు, మేడ మీది ఖాళీ స్థలం, వీటి గురించే మా మాట. ఆధార్ కార్డు ఉంటే చూసి, లేకపోతే పేరు రాసుకొని, తాగివచ్చినవారికి చోటు లేదని చెప్పి, ఒక కాపలాదారుని పెడితే చాలావరకు భయాలు తీరుతాయి.

డబ్బు విషయంలో ఒక మసలా తెలిసి ఉండాలి. జకాత్ సొమ్ముతో షెల్టరు కట్టటం హనఫీ ఉలమాల వద్ద చెల్లదు. జకాత్ పేదవాని చేతికి చేరి అతని సొంతం కావాలి. కట్టడానికి, కాపలాకు, కరెంటు బిల్లుకు లిల్లాహ్ సొమ్ము, సాధారణ సదఖా వాడాలి. ఈ సదఖాలో హిందువు, ముస్లిం అన్న తేడా లేదు, ఫుట్‌పాత్ మీద పడుకున్నవాని మతం అడగనవసరం లేదు. అయితే జకాత్‌తో చేయదగిన గొప్ప పని ఒకటి ఉన్నది. ఇంటి పెద్ద జబ్బుపడి, మూడు నెలల అద్దె నిలిచిపోయి, అడ్వాన్సు కూడా అందులోనే చెల్లిపోయి, ఇక ఖాళీ చేయమన్న మాట వినబడుతున్న కుటుంబం ప్రతి బస్తీలోనూ ఉంటుంది. అర్హులైనవారి చేతికి సరైన సమయంలో జకాత్ అందితే వారు ఆ అద్దె కట్టుకుంటారు. సామానుతో సహా రోడ్డున పడ్డ కుటుంబాన్ని మళ్లీ ఒక ఇంట్లోకి చేర్చటం ఎంత కష్టమో చూసినవారికే తెలుసు. కొత్త అడ్వాన్సు కావాలి, పిల్లల బడి మారాలి, పూచీ పడే మనిషి కావాలి. రమజాన్ దాకా ఆగకుండా, ఇంటి యజమాని గడువు పెట్టిన వారమే ఆ సొమ్ము చేరేలా మస్జిదు కమిటీలు చూడవచ్చు. జకాత్‌ను సంవత్సరం నిండకముందే ఇవ్వటం కూడా చెల్లుతుంది.

స్త్రీల సంగతి మరీ కష్టం. మన మస్జిదుల్లో ఎక్కువ చోట్ల వారికి నమాజు చేసుకునే చోటే లేదు, నిద్ర మాట అటుంచండి. కాని దాదాపు ప్రతి పట్టణంలోనూ షాదీఖానా ఉన్నది. పెళ్లిళ్లు లేని రోజుల్లో దాని గదులు మూసే ఉంటాయి. ముహర్రం, సఫర్ మాసాల్లో మనవారు పెళ్లిళ్లు పెట్టుకోరు (దీనికి షరీఅత్‌లో ఆధారం లేదని ఎన్నిసార్లు చెప్పినా వినరు), ఆ రెండు నెలలూ అది బోసిపోయే ఉంటుంది. మదర్సాల్లోనే చదివి, అక్కడే పాఠాలు చెబుతున్నాము గనుక మరో సంగతి కూడా చెప్పగలం. షాబాన్ నడుమ నుంచి ఈద్ గడిచేదాకా విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోతారు. పడకగదులు, స్నానాల గదులు, వంటశాల అన్నీ నెలన్నర రోజులు ఖాళీ. ఆసుపత్రిలో భర్తను చేర్చి, వరండాలో పడుకునే స్త్రీకి ఆ నెలన్నర రోజులకైనా ఒక గదీ, గడియ ఉన్న స్నానాల గదీ ఇవ్వవచ్చు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది కమిటీవారు కూర్చొని తేల్చుకోవలసిన విషయం.