యంత్రమునకు మింగుడుపడని జ్ఞానము



కంప్యూటరు విద్యను గూర్చి వ్రాయుటకు నీకేమి యధికారమని మీరడుగవచ్చును. నెల్లూరికిని మైపాడు సముద్రతీరమునకును నడుమనున్న యొక పల్లెలో నేను బడిపంతులుగారి యిల్లాలను. కళాశాల గడప త్రొక్కినదానను గాను. మా నాయనగా రింటనే నేర్పిన యమరము, భారతము, భాగవతము, ఇవియే నాకున్న చదువు. కాని యా పెద్దవిద్య యొకప్పుడు నేను పలకమీద దిద్దుకొన్న యక్షరమును తట్టుకొనియే బోర్లపడినది. కావున రెండు మాటలు చెప్పుటకు నాకును కొంత హక్కు గలదని తలంచుచున్నాను.

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున నొక వింత వార్త లోకమంతయు ప్రాకెను. ఆపిల్ కంపెనీవారి ఐఫోనులోనికి ఒకేయొక తెలుగు అక్షరము సందేశముగా వచ్చిన చాలును. ఆ సందేశమును చూపవలసిన యాప్ మూతపడి, మరల తెఱవబోయిన తెఱచుకొనదు. ఆ యక్షరము తెరపై నోటిఫికేషనుగా వచ్చినచో ఫోనే చతికిలబడును. ఆ యక్షరమేదనుకొన్నారు? 'జ్ఞా'. జ్ఞానమునకు మొదటి యక్షరము! ఆకతాయిలు కొందఱు దీనిని పరుల ఫోనులకు పంపి వినోదించిరి. విదేశపు పత్రికలు తెలుగు అక్షరము ఫోనులను పడగొట్టుచున్నదని వ్రాసెను. పాపము, అక్షరము చేసిన దోషమేమి?

జ్ఞా యనునది యంత్రములో ముక్కలుగా నుండును. మొదట జకారము, పిదప పొల్లు, తరువాత ఞకారము, చివర దీర్ఘము. ఞకారమును ఒత్తుగా మార్చి క్రిందికి దింపి, చివరనున్న దీర్ఘమును వెనుకకు గొనిపోయి జకారమునకు తగిలింపవలెను. మా వారి బడిలో చిన్నపిల్లలు చేయు పని యిది. మామూలుగా వ్రాసిన జ్ఞాను ఐఫోనును చక్కగనే చూపెడిది. కాని చిక్కు దెచ్చిన వరుసలో ఞకారమునకును దీర్ఘమునకును నడుమ కంటికి గానరాని గుర్తొకటి యుండెను. కలుపవద్దని దాని యాజ్ఞ. కలుపుమని పొల్లు, వద్దని యీ గుర్తు! అత్తగారొకటియు ఆడుబిడ్డ మఱియొకటియు చెప్పగా నడుమ చిక్కిన క్రొత్తకోడలివలె యంత్రము తబ్బిబ్బుపడి తన జ్ఞాపకస్థానమునే చెఱుపుకొనెను. జ్ఞానము మింగుడుపడక జ్ఞాపకమును పోగొట్టుకొన్నదన్నమాట! ఆ నెల 19వ తేదీన కంపెనీవారు 11.2.6 అను సవరణను పంపి దోషమును తొలగించిరి.

ఈ సంగతి నాకు విప్పిచెప్పినది మా ప్రక్కయింటి యమ్మాయి. చెన్నపట్టణమున నొక సాఫ్టువేరు కంపెనీలో నుద్యోగము. సంక్రాంతికి వచ్చినప్పుడు మా యరుగుమీద గూర్చుండి బియ్యములో రాళ్లేఱుచుండగా, "నీవు చేయునది ప్రోగ్రాములు వ్రాయుటయేనా?" యని యడిగితిని.

"కాదు పిన్నీ, ఇతరులు వ్రాసినదానిని పరీక్షించుట. నీవిప్పుడు చేయుచున్నావే, నా పనియు నదియే," అని చేటవంక చూపినది.

తాను పరీక్షించు ప్రతి ఫారములోను మొట్టమొదట తన నాయనమ్మ పేరు తెలుగులో వ్రాయునట. ఆ పేరు జ్ఞాతోనే మొదలగును. ఎన్ని పర్యాయములో ఆ పేరు ముక్కలై, ఒత్తొకచోట, దీర్ఘమొకచోట పడినదట. "మా నాయనమ్మ సరిగా వచ్చినచో లోకములో నెవ్వరైనను వత్తురు," అని నవ్వినది.

ఇట్టి చిక్కు మనకొక్కరికే వచ్చినది గాదు. 2015లో అరబ్బీ అక్షరములు గల యొక సందేశమును, 2020లో సింధీ అక్షరములు గల మఱియొక సందేశమును ఐఫోనులను పడద్రోసెను. లోకమందలి లిపులకు స్థానమిచ్చిన యూనికోడు పట్టికలో తెలుగు 1991లోనే చేరినది. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు మన దేశమున 8 కోట్లకు పైబడియుండిరి. పీట వేసి యిరువదియాఱేండ్లైనను, ఈ చుట్టపు విస్తరిలో నేమి పడినదో చూచినవారు మాత్రము చాలినంతమంది లేకపోయిరి.

దూరపు చుట్టములకే యిట్లని తలంపకుడు. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను కంపెనీ, కంప్యూటరులను దొంగలనుండి కాపాడుటకని యొక సవరణను పంపినది. కాపలావాడే యింటి తలుపునకు గడియ వేసినట్లు, ఇంచుమించు 85 లక్షల విండోసు కంప్యూటరులు నీలితెరతో నిలిచిపోయెను. విమానములాగెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు చీట్లనిచ్చిరి. దోషమేమనగా, ఆ ప్రోగ్రాము 20 విస్తళ్లు మాత్రమే పఱచియుండగా, క్రొత్తగా వచ్చిన పట్టిక 21వ విస్తరిలో నేమున్నదో చూడుమన్నది. లేని విస్తరికై చేయి చాచి యంత్రము క్రింద పడినది. అంతకుముందు పరీక్షింపలేదా యందురేమో. పరీక్షించిరి. కాని యా 21వ చోట నేమున్నను సరియే యని వ్రాసి పరీక్షించుటచే లోపము దాగియుండెను. పైగా నొక యింట రుచి చూడకయే యూరంతటికి నొక్కసారిగా వడ్డించిరి. క్రొత్త ఆవకాయ జాడీనైనను మనమట్లు పంచుదుమా?

ఇక నేటి వార్త. యంత్రమునకు నోటితో చెప్పిన చాలును, ప్రోగ్రామును తానే వ్రాయునట. హైదరాబాదున జన్మించి మైక్రోసాఫ్టునకు అధిపతియైన సత్య నాదెళ్లగారు, తమ కంపెనీ భాండారములోని ప్రోగ్రాములలో నూటికి 20 లేక 30 పాళ్లు యంత్రము వ్రాసినవే కావచ్చునని 2025 ఏప్రిలులో చెప్పిరి. వ్రాసినదానిని చదువకయే ముందుకు సాగు పద్ధతికి ఆ యేటనే 'వైబ్ కోడింగు' అని ముద్దుపేరు పెట్టిరి.

మా నెల్లూరివారికి వేగముగా వ్రాయు లేఖకుడు క్రొత్త గాదు. భారతమున విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు రచించిన తిక్కన సోమయాజికి గురునాథుడను లేఖకుడుండెననియు, పద్యము సాగక కవి యాతనిని పేరుపెట్టి పిలిచి యేమి చెప్పుదునని యడుగగా, ఆ మాటయే పద్యములో నమరిపోయెననియు పెద్దలు చెప్పుకొందురు. కథయే యగుగాక. కాని యందలి లేఖకుడు తాను వ్రాయుచున్నదేమో తెలిసినవాడు. నేటి లేఖకుని వేగమును జూచి మురియుచున్నవారు, అర్థమైనదా యని మాత్రమడుగుట లేదు.

మొన్న వేసవిలో మా యమ్మాయి మరల వచ్చినది. ఈసారి నవ్వు తక్కువ. పరీక్షించువారిని సగమునకు తగ్గించిరట. వ్రాసిన యంత్రమే తన వ్రాతను తాను పరీక్షించుకొనునట. తనను వేఱు పనికి మార్చిరి. "జీతమునకు లోటు లేదు పిన్నీ. కాని యిక మా నాయనమ్మ పేరెవరు వ్రాసి చూతురు?" అన్నది. నాకు బదులు తోచలేదు. వండినవారే తమ వంటకు తామే భేషనుకొన్న యింట విందెట్లుండునో మనకు తెలియనిదా?

రాళ్లేఱుటకును, ఉప్పు చూచుటకును ఏ యింటను బిరుదులు లేవు. అవి జరిగిన దినమున నెవ్వరును గమనింపరు. జరుగని దినమున మాత్రము పంటిక్రింద కలుక్కుమనును. మీ కూతురు పరీక్షించు నుద్యోగములో నున్నదని చెప్పుటకు చిన్నతనపడకుడు. మీ ఫోనులో మన యక్షరము ముక్కలైనప్పుడు, మన భాషయే కఠినమని సరిపెట్టుకొనక, చేసినవారికి ఫిర్యాదు వ్రాయుడు. పిల్లలకు ఒత్తులు నేర్పుడు. తప్పును పట్టుటకైన అక్షరము తెలిసియుండవలెను గదా.

మా యమ్మాయి తిరిగి పట్టణమునకు పోవుచు నా ఫోను తీసికొని, అందు తన నాయనమ్మ పేరు వ్రాసి చూచినది. సరిగానే వచ్చినది. అయినను వారమున కొకసారి నేనును ఆ పేరు వ్రాసి చూచుచున్నాను.