భాగం-9: గృహోపకరణాల ఎంపిక – డిజిటల్ ఫోటో ఫ్రేము

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఒక కుటుంబానికి డిజిటల్ ఫోటో ఫ్రేము అవసరమో కాదో నిర్ణయించగలుగుతారు.
• తెర పరిమాణం, నిష్పత్తి, స్పష్టతలను లెక్కగట్టి పోల్చగలుగుతారు.
• ఫోటోలు ఫ్రేములోకి చేరే మార్గాల లాభనష్టాలను వివరించగలుగుతారు.
• ఫోటోను చూపించడానికీ భద్రపరచడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

మన ఇళ్లలో ఫోటోలకు రెండు చోట్లు ఉండేవి. పెద్దల పటాలు గోడ మీద, పెళ్లి ఆల్బములు బీరువాలో ఉండేవి. ఇప్పుడు ఫోటోలన్నీ సెల్‌ఫోనులోకి చేరాయి. తీసినవి వేలల్లో ఉన్నా ఇంట్లోని పెద్దవారు చూడగలిగేవి కొద్దిగానే ఉంటున్నాయి. ఈ లోటును తీర్చడానికి వచ్చిన ఉపకరణమే డిజిటల్ ఫోటో ఫ్రేము. ఇది కంప్యూటరు తెర వంటి చిన్న ఎల్.సి.డి. తెర. జ్ఞాపికలో ఉన్న ఫోటోలను ఒకదాని తరువాత ఒకటిగా చూపుతుంది.

ఈ భాగంలో నెల్లూరు, గూడూరుల మధ్య జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం మనుబోలులోని ఒక కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. ఇంట్లో డెబ్భై ఏళ్లు దాటిన అవ్వ, ఆమె కొడుకు, కోడలు ఉంటారు. మనవడు చెన్నైలో, మనవరాలు కువైట్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వీరు ఫ్రేము కొనాలనుకుంటున్నారు. ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి?

9.2 అవసరాన్ని గుర్తించడం

ఏ ఉపకరణం విషయంలోనైనా మొదటి ప్రశ్న ‘ఏది మంచిది?’ అన్నది కాదు. ‘ఎవరు, ఎక్కడ, దేనికోసం వాడతారు?’ అన్నది. మన ఉదాహరణలో చూసేది అవ్వ, ఫోటోలు పంపేది మనవలు. అంటే చూసేవారు ఏ మీటా నొక్కనవసరం లేకుండా ఫ్రేము పనిచేయాలి.

కొనేముందు ఇంట్లో ఉన్న వస్తువులను పరిశీలించండి. యు.ఎస్.బి. రంధ్రం ఉన్న చాలా టీవీలు పెన్‌డ్రైవులోని ఫోటోలను చూపగలవు. వాడకం మానేసిన ట్యాబ్లెట్ కూడా ఫ్రేముగా పనికివస్తుంది. పండుగకో పబ్బానికో అందరూ కూర్చుని చూడటానికి టీవీ చాలు. రోజూ కళ్లెదుట ఉండాలనుకుంటేనే ప్రత్యేకమైన ఫ్రేము అవసరమవుతుంది.

9.3 తెర

9.3.1 నిష్పత్తి: తెర పొడవు, ఎత్తుల నిష్పత్తి ఫోటో నిష్పత్తికి దగ్గరగా ఉండాలి. చాలా సెల్‌ఫోను ఫోటోలు 4:3లో ఉంటాయి. ఫ్రేములలో 16:10 తెరలు ఎక్కువ. అడ్డంగా తీసిన ఫోటో అటువంటి తెరలో 83 శాతం నిండుతుంది. నిలువుగా తీసిన ఫోటో 47 శాతమే నిండుతుంది. మిగిలినదంతా నల్లగా ఉంటుంది, లేదా ఫ్రేము ఫోటోను కత్తిరించి తలలు తెగిన బొమ్మను చూపుతుంది. మీ ఇంటి ఫోటోలలో నిలువువి ఎక్కువైతే నిలువుగా నిలబెట్టే వీలున్న ఫ్రేమును ఎంచుకోండి. అప్పుడు అవి కూడా 83 శాతం నిండుతాయి.

9.3.2 స్పష్టత: ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో తెలిపే కొలతను పి.పి.ఐ. అంటారు. పొడవు, ఎత్తుల పిక్సెళ్ల వర్గాలను కూడి, వర్గమూలం తీసి, తెర కర్ణం అంగుళాలతో భాగిస్తే ఇది వస్తుంది.

10.1 అంగుళాల తెరకు:
1024 × 600 పిక్సెళ్లయితే – సుమారు 118 పి.పి.ఐ.
1280 × 800 పిక్సెళ్లయితే – సుమారు 149 పి.పి.ఐ.
1920 × 1200 పిక్సెళ్లయితే – సుమారు 224 పి.పి.ఐ.

ఎక్కువ సంఖ్య ఉన్నదే కొనాలా? అది చూసే దూరాన్ని బట్టి ఉంటుంది. ఒక మీటరు దూరంలో సుమారు 0.3 మిల్లీమీటరు ఎడం ఉన్న చుక్కలను మామూలు చూపు విడదీసి గుర్తిస్తుంది. దీన్నిబట్టి, 88ని మీటర్లలో దూరంతో భాగిస్తే కావలసిన పి.పి.ఐ. తెలుస్తుంది. మంచం మీద కూర్చుని మీటరున్నర దూరం నుంచి చూస్తే సుమారు 59 సరిపోతుంది. చేతిలోకి తీసుకుని 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే సుమారు 147 కావాలి. కాబట్టి అలమరలో పెట్టే ఫ్రేముకు అత్యధిక స్పష్టత కోసం అదనంగా చెల్లించనవసరం లేదు. ఆ డబ్బుతో పెద్ద తెర తీసుకుంటే చూపు మందగించిన పెద్దవారికి ఎక్కువ మేలు.

9.3.3 చూసే కోణం: తక్కువ ధర ఫ్రేములలో వాడే టి.ఎన్. రకం తెరను కింది నుంచి చూస్తే బొమ్మ నల్లబడి, రంగులు తారుమారవుతాయి. మన ఇళ్లలో పటాలను ద్వారబంధం పైన, ఎత్తులో తగిలించే అలవాటు ఉంది. ఫ్రేమును అలా తగిలిస్తే ఈ లోపం కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఐ.పి.ఎస్. రకం తెరలో ఈ ఇబ్బంది చాలా తక్కువ. దుకాణంలో ఫ్రేమును ఎత్తి పట్టుకుని కింది నుంచి చూడటమే సరైన పరీక్ష.

9.4 ఫోటోలు ఫ్రేములోకి చేరే మార్గాలు

9.4.1 మెమరీ కార్డు, పెన్‌డ్రైవు: ఈ పద్ధతికి ఇంటర్నెట్ అక్కరలేదు. కంపెనీ మూతపడినా ఫ్రేము పనిచేస్తుంది. కాని ఎవరో ఒకరు కార్డు తీసి కొత్త ఫోటోలు ఎక్కించాలి. అన్ని ఫ్రేములూ అన్ని రకాల ఫైళ్లనూ చదవలేవు. 2017 నుంచి ఐఫోన్లు సాధారణంగా హెచ్.ఇ.ఐ.సి. రకంలో ఫోటోలను దాస్తున్నాయి. జె.పి.ఇ.జి. మాత్రమే చదివే ఫ్రేముకు వాటిని మార్చి ఇవ్వాలి.

9.4.2 వై-ఫై: దూరంగా ఉన్నవారు యాప్ ద్వారా పంపిన ఫోటో నేరుగా ఫ్రేములో కనిపిస్తుంది. కువైట్‌లోని మనవరాలి ఫోటో కొద్దిసేపటికే మనుబోలులోని అవ్వ ముందుంటుంది. ఈ ఆలోచన పాతదే. 2000వ సంవత్సరంలోనే అమెరికాలో సీవా అనే సంస్థ టెలిఫోను తీగ ద్వారా ఫోటోలు తెప్పించుకొనే ఫ్రేమును చందా పద్ధతిలో అమ్మింది. అయితే ఫోటోలు మధ్యలో కంపెనీ సర్వరు గుండా వెళతాయి. చందా కట్టకపోయినా, సర్వరు ఆగిపోయినా ఫ్రేము ఏ మేరకు పనిచేస్తుందో ముందే అడగాలి. కార్డు కూడా పెట్టుకోగల వై-ఫై ఫ్రేము క్షేమకరం.

9.4.3 జ్ఞాపిక పరిమాణం: ప్రకటనలలో దీనికి ఇచ్చే ప్రాధాన్యం అనవసరం. 16 జి.బి.లో 12 జి.బి. ఖాళీ ఉందనుకుందాం. ఒక్కో ఫోటో 4 ఎం.బి. అయితే సుమారు 3,000 పడతాయి. ఒక్కోటి 30 సెకన్లు కనిపిస్తే అన్నీ ఒకసారి తిరగడానికి 25 గంటలు పడుతుంది. అందులో అవ్వ చూడాలనుకున్న ఫోటో ఎప్పుడు వస్తుందో తెలియదు. జ్ఞాపిక పెంచడం కంటె వంద ఫోటోలను ఏరి పెట్టడం మేలు.

9.5 విద్యుత్తు, వాతావరణం

అడాప్టరు మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే గరిష్ఠ వినియోగం 10 వాట్లు. రోజుకు 12 గంటల చొప్పున నెలకు 3.6 యూనిట్లకు మించదు. ఖర్చు కంటె కరెంటు కోతల విషయం ముఖ్యం. చాలా ఫ్రేములకు బ్యాటరీ ఉండదు. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఫ్రేము తానే మొదలై ఫోటోలు చూపాలి. ప్రతిసారీ మీట నొక్కవలసిన ఫ్రేము పెద్దవారికి పనికిరాదు. దుకాణంలో ప్లగ్గు తీసి, మళ్లీ పెట్టి చూడండి.

తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. వాన కొట్టే కిటికీ పక్కన, వంటగది ఆవిరి తగిలేచోట ఫ్రేమును ఉంచరాదు. నేరుగా ఎండ పడే వసారాలో బొమ్మ సరిగా కనిపించదు.

9.6 ఫోటోల భద్రత

ఫ్రేము చూపించే సాధనమే కాని దాచే సాధనం కాదు. ఈ తేడాను మరిచిపోతే నష్టం తిరిగిరానిది. 2015 నవంబరు భారీ వర్షాలకు మనుబోలు వద్ద జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు జిల్లాలో ఎన్నో ఇళ్లలోకి చేరింది. నీళ్లలో పాడైన ఫ్రేమును మళ్లీ కొనవచ్చు. తాతగారిది ఒకే ఒక్క స్టూడియో ఫోటో ఉండి, అది నానిపోతే దాన్ని కొనలేం.

అందువల్ల ఫ్రేము కొనడానికి ముందే పాత ఫోటోలను స్కాన్ చేయించాలి. 4 × 6 అంగుళాల ఫోటోను 300 డి.పి.ఐ.లో స్కాన్ చేస్తే 1800 × 1200 పిక్సెళ్లు వస్తాయి. ఫ్రేముకు ఇవి చాలు. దాచుకోవడానికి 600 డి.పి.ఐ. మంచిది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించబడుతుంది. తీసిన తేదీ వంటి వివరాలు కూడా పోతాయి. అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపించుకోవాలి.

దాచడంలో ‘మూడు–రెండు–ఒకటి’ సూత్రం పాటించండి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరే ఊళ్లో. మన ఉదాహరణలో ఇంటి హార్డ్‌డిస్కులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, చెన్నైలోని మనవడి దగ్గర ఒకటి ఉండాలి. ఫ్రేములోని ప్రతి ఈ లెక్కలోకి రాదు.

ఫ్రేము కూడా ఒక కంప్యూటరే అని గుర్తుంచుకోండి. 2008 జనవరిలో అమెరికాలోని బెస్ట్‌బై సంస్థ, వైరస్ ఉన్నట్లు తేలిన 10.4 అంగుళాల ఇన్‌సిగ్నియా ఫ్రేముల అమ్మకాన్ని ఆపివేసింది. ఫ్రేములో పెట్టి తీసిన పెన్‌డ్రైవును కంప్యూటరులో తెరిచే ముందు వైరస్ పరీక్ష చేయాలి. వై-ఫై ఫ్రేముకు ఎవరెవరు ఫోటోలు పంపవచ్చో ఆ జాబితాను కుటుంబమే నిర్ణయించాలి.

9.7 కొనుగోలు సమయంలో

అడాప్టరు మీద బి.ఐ.ఎస్. గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. బిల్లు, వారంటీ పత్రం తీసుకోండి. వివాదం వస్తే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని సంప్రదించవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, ఆన్‌లైన్‌లో కొన్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

7 అంగుళాల తెరలో 800 × 480 పిక్సెళ్లు ఉన్నాయి. దాని పి.పి.ఐ. ఎంత? ఒక మీటరు దూరం నుంచి చూడటానికి సరిపోతుందా?
(జవాబు: సుమారు 133. ఒక మీటరు దూరానికి 88 చాలు కాబట్టి సరిపోతుంది. అర మీటరు దూరానికి 176 కావాలి కాబట్టి సరిపోదు.)

9.8 సారాంశం

ఫ్రేము ఎంపిక చూసేవారి అవసరంతో మొదలవుతుంది. ఫోటోల ఆకారానికి తగిన నిష్పత్తి, చూసే దూరానికి తగిన స్పష్టత, కింది నుంచి చూసినా మారని రంగులు, కరెంటు వచ్చాక తానే మొదలయ్యే గుణం ముఖ్యమైనవి. జ్ఞాపిక పరిమాణం అంత ముఖ్యం కాదు. ఫోటోల భద్రతను ఫ్రేముకు అప్పగించరాదు. దాని ఏర్పాటు ముందుగా, విడిగా జరగాలి.

9.9 నమూనా ప్రశ్నలు

1. చూసే దూరానికీ తెర స్పష్టతకూ గల సంబంధాన్ని ఉదాహరణతో వివరించండి.
2. మెమరీ కార్డు ఫ్రేమును, వై-ఫై ఫ్రేమును పోల్చండి.
3. మీ ఇంట్లో ఒకే ప్రతి ఉన్న పాత ఫోటోల జాబితా రాసి, వాటిని ‘మూడు–రెండు–ఒకటి’ సూత్రం ప్రకారం ఎలా భద్రపరుస్తారో తెలపండి.