స్టెప్నీ లేని బండికి దారిలో పంచరు పడితే

రాజమహేంద్రవరాన్ని కొవ్వూరుతో కలిపే రోడ్డు కం రైలు వంతెన 1974లో వాడకంలోకి వచ్చింది. కింద రైలు, పైన రోడ్డు. రోడ్డు పొడవే నాలుగు కిలోమీటర్లకు పైన ఉంటుంది. సరిగ్గా నడిమధ్యలో మోటారు సైకిలు వెనక చక్రం మెత్తబడిందంటే, ఎటు తిరిగినా రెండు కిలోమీటర్లు తోసుకుపోవాలి. గోదావరి డెల్టాలో ఇలాంటి చోట్లకు కొదవ లేదు. యానాం–ఎదుర్లంక వంతెన, దిండి–చించినాడ వంతెన, సఖినేటిపల్లి రేవులో పంటు దిగాక మొదలయ్యే ఊళ్ళ దారులు, భీమవరం చుట్టూ చేపల చెరువుల గట్లు: నీళ్ళు ఎటు చూసినా ఉంటాయి, పంచరు షాపు మాత్రం దూరం.

బజాజ్ చేతక్ తిరిగిన రోజుల్లో ఈ చింత ఇంతగా లేదు. ఆ స్కూటరు చక్రాలు చిన్నవి, రెండూ ఒకే కొలతవి. మూడోది స్టెప్నీగా బండికే బిగించి ఉండేది. నట్లు విప్పి చక్రం మార్చుకుంటే ప్రయాణం సాగిపోయేది. మోటారు సైకిలుకు ఆ వీలు లేదు. 18 అంగుళాల చక్రాన్ని అదనంగా మోయలేం. ఇరుసు లాగనిదే ఉన్న చక్రం ఊడిరాదు. వెనకదానికైతే చైనూ, బ్రేకూ అడ్డం. కాబట్టి చక్రం మార్చడం కాదు, దారిలోనే బాగుచేయడం నేర్చుకోవాలి. దానికి కావలసినదంతా బండి ఇంటి ముందు ఉన్నప్పుడే సమకూర్చుకోవాలి.

ముందుగా తెలుసుకోవలసింది టైరు రకం. పుల్లల చక్రమైతే దాదాపు ఎప్పుడూ లోపల ట్యూబు ఉంటుంది. పుల్లలు బిగించే రంధ్రాల గుండా గాలి పోతుంది కనుక రిమ్ము ఒక్కటే గాలిని ఆపలేదు. అల్లాయ్ చక్రమైతే టైరు పక్కగోడ మీద ‘ట్యూబ్‌లెస్’ అని ఉందో లేదో చదవాలి. అల్లాయ్ చక్రాల్లోనూ ట్యూబులున్న బళ్ళు ఉన్నాయి. రెండు రకాలకూ సామాను వేరు, పని వేరు.

గాలి పోయే తీరు కూడా వేరే. ట్యూబు సాగదీసి ఉన్న పలచని రబ్బరు. మేకు దిగితే రంధ్రం విచ్చుకుని నిమిషాల్లో గాలి దిగిపోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో మందమైన రబ్బరు మేకును చుట్టూ బిగించి పట్టుకుంటుంది. గాలి మెల్లగా జారుతుంది. అందుకే ట్యూబ్‌లెస్ టైరులో దిగిన మేకును చూడగానే పీకకూడదు. రంధ్రం మూసే జిగురు వత్తులు, గాలి పంపు చేతిలో సిద్ధంగా ఉన్నాకే లాగాలి.

వానాకాలంలో పంచర్లు ఎక్కువ అనిపించడానికి ఆధారం ఉంది. తడి రబ్బరును పదునైన వస్తువు సులువుగా కోస్తుంది; నీరు అక్కడ ఘర్షణను తగ్గిస్తుంది. పైగా రోడ్డు మీది మేకులనూ గాజు ముక్కలనూ వాన నీరు అంచులకు చేరుస్తుంది. ద్విచక్ర వాహనాలు నడిచేది ఆ అంచునే. చెరువు గట్ల మీద సర్కారు తుమ్మ ముల్లు మరో శత్రువు. అది గుచ్చుకుని విరిగి, మొన టైరులోనే ఉండిపోతుంది. ట్యూబుకు అతుకు వేసి, ఆ మొనను వదిలేస్తే కాసేపటికే మళ్ళీ పంచరు. అందుకే ట్యూబు తీసిన ప్రతిసారీ టైరు లోపలి వైపు గుడ్డతో మెల్లగా తుడవాలి. మొన ఎక్కడుందో గుడ్డ దారాలు పట్టి చెబుతాయి.

ట్యూబు టైరు విప్పడంలో బలం కంటే ముఖ్యమైన రహస్యం ఒకటుంది. టైరు అంచులో ఉక్కు తీగలుంటాయి. అవి సాగవు. ఎంత బలంగా లివరు వేసినా సాగని అంచు రిమ్ము దాటి రాదు. అయితే రిమ్ము మధ్యలో లోతైన గాడి ఉంటుంది. లివరు వేసే చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచును కాలితో తొక్కి ఆ గాడిలోకి దింపితే, ఇటువైపు అంచు వదులవుతుంది. అప్పుడు రెండు చిన్న లివర్లు చాలు. సబ్బు నీళ్ళు రాస్తే మరీ సులువు.

రంధ్రం పట్టుకోవడానికి కాలువ నీళ్ళు అక్కరకొస్తాయి. ట్యూబుకు కొద్దిగా గాలి కొట్టి ముంచితే బుడగలు వస్తాయి. కానీ తర్వాతి పనికి అదే నీరు అడ్డం. అతుకు వేసే చోటును ముందు పూర్తిగా ఆరబెట్టాలి. ఆ తర్వాత గరుకు కాగితంతో రుద్దాలి. అచ్చు నుంచి ట్యూబును విడదీయడానికి పూసిన పదార్థాలు దాని పైపొరలో ఉంటాయి, వాటి మీద ఏదీ అంటదు. జిగురు పలచగా రాసి మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. అందులోని ద్రావకం ఎగిరిపోతేనే పట్టు దొరుకుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనీకరణలో గంధకం, వేడి కలిసి రబ్బరు గొలుసుల మధ్య వంతెనలు కడతాయి. దారిలో వేసే చల్లని అతుకులో రసాయనాలు వేడి లేకుండానే ఆ పని మొదలుపెడతాయి. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది. గోదావరి తీరపు ఉక్కలో దాని మీద చెమ్మ చేరే అవకాశం ఉంది కనుక, తడి గాలి తగలని చోట పని చేసుకోవడం మేలు.

ఈ ఓపిక లేకపోతే అన్నిటికన్నా సులువైన దారి ఒక కొత్త ట్యూబును వెంట ఉంచుకోవడం. పాతదానికి షాపులో తీరిగ్గా వేడి అతుకు వేయించుకోవచ్చు. ట్యూబ్‌లెస్‌కు కావలసింది రంధ్రం శుభ్రం చేసే గరుకు సూది, వత్తి దూర్చే సూది, నాలుగైదు జిగురు వత్తులు. వత్తి రోడ్డుకు తగిలే భాగానికే పనికొస్తుంది. పక్కగోడ ప్రతి చుట్టులోనూ వంగి లేస్తుంటుంది. అక్కడ వత్తి నిలవదు.

ఇక గాలి. 18 అంగుళాల సాధారణ టైరులో సుమారు 7 లీటర్ల చోటు ఉంటుంది. 28 పీఎస్‌ఐ రావాలంటే ఇంకో 13 లీటర్ల మామూలు గాలిని అందులోకి కుక్కాలి. ఒక్క తోపుకు 100 మిల్లీలీటర్లు పంపే చేతి పంపుతో అది 130 తోపుల పని. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గొట్టం ఒక్కటి 9 లీటర్ల వాయువునే ఇస్తుంది. ఆ టైరులో అది 19 పీఎస్‌ఐ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి రెండు గొట్టాలు కావాలి. ఆ వాయువు రబ్బరులో కరిగి గాలికంటే త్వరగా బయటికి పోతుంది. ఇంటికి చేరాక తీసేసి గాలి నింపాలి. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఉంటే ఈ లెక్కలతో పని లేదు.

గాలి కొలత చల్లని టైరు మీదే చూడాలి. 27 డిగ్రీల దగ్గర 28 పీఎస్‌ఐ ఉన్న టైరు మే ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కితే 32 దాటుతుంది. ఆ అంకె చూసి గాలి తీసేస్తే రాత్రికి తక్కువవుతుంది. తక్కువ గాలితో గోతిలో పడితే ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చోట్ల తెగుతుంది. ఎంత గాలి ఉండాలో బండి మీది స్టిక్కరు చెబుతుంది. వెనక మనిషి ఎక్కితే ఆ అంకె వేరు.

ఇంటి దగ్గరే ఒకసారి ఇరుసు నట్టు విప్పి చూడటం అన్నిటికన్నా విలువైన తయారీ. ఏళ్ళ తరబడి వాన నీటికి తుప్పు పట్టిన నట్టు కిట్టులోని పొట్టి పానాకు కదలకపోవచ్చు. 20 సెంటీమీటర్ల పానాకు గొట్టం తొడిగి 40 చేస్తే సగం బలమే చాలు. ఆ గొట్టం ముక్కను కూడా బండిలో పెట్టుకోవాలి. సెంటరు స్టాండు కింద వేయడానికి ఒక చెక్క పలక ఉండాలి. 110 కిలోల బండి బరువులో ఎక్కువ భాగం రెండు చిన్న పాదాల మీద పడితే కాలువ గట్టు మెత్తని మట్టిలో స్టాండు దిగబడుతుంది. తలకు కట్టుకునే లైటు ఉంటే రాత్రివేళ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

వెనక చక్రం ఊగుతున్నట్టు తెలియగానే గట్టిగా బ్రేకు వేయకుండా, యాక్సిలరేటరు తగ్గించి బండిని నేరుగా నడుపుతూ ఆపాలి. గాలి లేని ట్యూబు టైరు మీద ఎక్కి నడిపితే టైరు రిమ్ము మీద జారుతూ ట్యూబును లాగి, వాల్వు మొదట్లో చీల్చేస్తుంది. అది అతుకుకు లొంగని చీలిక. అందుకని దిగి, ఇంజను నడుపుతూ మొదటి గేరులో పక్కన నడిచి వంతెన దాటించాలి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేసి సాయం అడగవచ్చు. వత్తితో బాగుచేసిన ట్యూబ్‌లెస్ టైరును నెమ్మదిగా నడిపి, పది కిలోమీటర్ల తర్వాత మళ్ళీ గాలి చూసుకోవాలి. తర్వాత షాపులో టైరు విప్పించి, లోపలి నుంచి అతుకు వేయించాలి.