వెలుగుకు పగ్గం వేసే పట్టీలు

బ్లైండ్స్ కొందామని షాపుకు వెళ్తే మొదట ఎదురయ్యే ప్రశ్న ‘ఏ గదికండీ?’ అని. హాలుకు ఒక రకం, పడకగదికి ఒక రకం, వంటింటికి ఇంకో రకం అంటూ కేటలాగు తెరుస్తారు. అడగాల్సిన ప్రశ్నే కానీ, అది రెండోది. మొదట తేలాల్సింది ఆ కిటికీ ఏ దిక్కుకు ఉందన్న సంగతి. ఈ వరుస ఎందుకు మారాలో తెలియాలంటే, బ్లైండ్ ఏ పని కోసం పుట్టిందో, ఏ పని దానికి చేతకాదో చూడాలి.

అడ్డపట్టీల తెరను వెనీషియన్ బ్లైండ్ అంటారు. తూర్పు దేశాల నుంచి వెనిస్ వర్తకుల ద్వారా యూరప్‌కు చేరిందని ప్రతీతి. 1761లో ఫిలడెల్ఫియాలోని సెయింట్ పీటర్స్ చర్చి కిటికీలకు ఇవి అమర్చారు. 1769లో లండన్‌లో పేటెంట్ వచ్చింది. 1841లో న్యూ ఆర్లియన్స్‌కు చెందిన జాన్ హాంప్సన్ పట్టీల వాలును మార్చి, ఆ వాలులోనే నిలిపే ఏర్పాటుకు అమెరికా పేటెంట్ పొందాడు. దగ్గరికెళ్లి చూస్తే దీని పనితనం ముచ్చటేస్తుంది. పై పెట్టెలోంచి నిచ్చెనల్లా అల్లిన సన్నని దారాలు దిగుతాయి. ఒక్కో మెట్టు మీద ఒక్కో పట్టీ ఊరికే ఆనుకుని ఉంటుంది. నిచ్చెన ముందు దారం పైకి, వెనక దారం కిందికి కదిలితే పట్టీలన్నీ ఒకేసారి ఒకే కోణంలో వాలతాయి. తెర మొత్తాన్ని పైకి లాగడానికి మాత్రం పట్టీల రంధ్రాల గుండా వేరే తాడు పోతుంది. కర్టెన్‌కు తెరవడం, మూయడం తప్ప మరో స్థితి లేదు. ఈ యంత్రం ఆ రెంటికీ మధ్య ఉన్న కోణాలన్నిటినీ మన చేతికిచ్చింది. 1930లలో న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సెంటర్ ఆర్‌సీఏ భవనం లాంటి ఆకాశహర్మ్యాలకు ఇది కావాల్సి వచ్చింది అందుకే. గుమాస్తా కళ్లలో ఎండ కొట్టకూడదు, బల్ల మీద వెలుగు తగ్గకూడదు. 1940లలో హెన్రీ సొన్నెన్‌బర్గ్, జో హంటర్‌లు తేలికైన అల్యూమినియం పట్టీలు తయారుచేయడంతో చెక్క బరువు కూడా తప్పింది. ఇన్నేళ్ల ఈ కథలో యంత్రం సాధిస్తూ వచ్చింది వెలుగు మీద అదుపును. వేడిని ఆపమని దాన్ని అడగడం మనం తర్వాత మొదలుపెట్టాం. చిక్కంతా అక్కడే ఉంది.

ఎండలోని శక్తిలో సగానికి కాస్త తక్కువ కంటికి కనిపించే వెలుగు. మిగతాలో అత్యధిక భాగం పరారుణ కిరణాలు. కిటికీ అద్దం ఈ రెంటినీ చాలావరకు లోపలికి వదులుతుంది. అవి తగిలి వేడెక్కిన పట్టీలు ఆ వేడిని దాదాపు 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం చుట్టూ ఉండే కిరణాలుగా వెదజల్లుతాయి. వాటిని మామూలు అద్దం బయటికి పోనివ్వదు. అద్దం దాటి వచ్చిన ఎండను లోపల ఎంత గట్టిగా అడ్డుకున్నా, ముదురు రంగు తెర చివరికి గదిని కాచే రేడియేటర్‌గానే మిగులుతుంది. తెల్లని, మెరిసే పట్టీలైతే కొంత ఎండను వేడిగా మారకముందే అద్దం గుండా వెనక్కి తిప్పికొడతాయి. బాగా మెరిసే బ్లైండ్స్‌ను పూర్తిగా మూసినా లోపలికొచ్చే వేడి తగ్గేది 45 శాతం దాకానే అని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. అదే బయట కట్టే గుడ్డ పందిరి పడమటి కిటికీకి 77 శాతం దాకా తగ్గిస్తుందట.

తెర అద్దానికి బయటే ఉండాలనడానికి పెద్ద సాక్ష్యం పారిస్‌లో ఉంది. వాస్తుశిల్పి లె కార్బూజియే అక్కడ సాల్వేషన్ ఆర్మీ అనే సేవాసంస్థ కోసం కట్టిన ఆశ్రయ భవనం సితె ద రెఫ్యూజ్ 1933లో తెరుచుకుంది. దక్షిణ ముఖమంతా తెరవడానికి వీల్లేని అద్దపు గోడ. వేసవి రాగానే లోపల ఉడికిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ అద్దాలు పగిలాక, కొత్త ముఖానికి బయటి వైపున ఎండను అడ్డుకునే పలకలు కట్టారు. ఆ వాస్తుశిల్పే తర్వాత చండీగఢ్‌లో వాటిని విరివిగా వాడాడు.

ఇక మన దిక్కులకు వద్దాం. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు తొలి రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. కాబట్టి వేసవిలో దక్షిణపు కిటికీకి మామూలు సజ్జ చాలు. అక్కడ అడ్డపట్టీలు హాయిగా పనిచేస్తాయి. పడమర సంగతి వేరు. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు దాదాపు 30 డిగ్రీల ఎత్తుకు దిగి, కిటికీకి ఇంచుమించు ఎదురుగా నిలుస్తాడు. పడమటికి నిలువు పట్టీలు వేయించమని సలహా ఇస్తుంటారు. సూర్యుడు నైరుతికి ఒరిగే చలికాలంలో అది సరే. మే ఎండ సూటిగా వచ్చినప్పుడు నిలువు పట్టీలైతే దాదాపు మూసేయాల్సిందే, అడ్డపట్టీలైనా సూర్యుడు దిగేకొద్దీ మరింత వాల్చాల్సిందే. అక్కడ కావాల్సింది అద్దానికి బయట తెర. వసారాకు వెదురు తడికలు, వట్టివేళ్ల తడికలు కట్టిన మన పెద్దలు చేసింది ఇదే. పైగా తడిపిన వట్టివేళ్లు తెలంగాణ పొడి ఎండలో గాలిని చల్లబరుస్తాయి. కోస్తా ఉక్కలో ఆ లాభం తక్కువ.

అపార్ట్‌మెంట్లో బయట ఏదైనా కట్టనిస్తారా అని అడగవచ్చు. చాలాచోట్ల కట్టనివ్వరు, గాలివానకు నిలవడమూ కష్టమే. అప్పుడు లోపలి తెరకు కనీసం అద్దం వైపు ముఖం తెల్లగానో వెండి రంగులోనో ఉండాలి, గది వేడెక్కాక కాదు, ఎండ తగలకముందే దాన్ని దించాలి. ఏసీ ఉండగా ఈ తంటా ఎందుకన్న వాదనా ఉంది. ఒక టన్ను ఏసీ తోడగలిగే వేడి దాదాపు 3,500 వాట్లు. సూటి ఎండలో ఒక్కో చదరపు మీటరు అద్దం కొన్ని వందల వాట్లు లోపలికి తెస్తుంది. రెండు పెద్ద పడమటి కిటికీలు చాలు, ఏసీ శక్తిలో పెద్ద వాటా వాటికే పోతుంది.

దిక్కు తేలాక గది సంగతి. వంటింట్లో తాలింపు జిడ్డు గుడ్డకు పట్టిందంటే వదలదు. తుడిస్తే పోయే అల్యూమినియం పట్టీలే మేలు, అవి కూడా పొయ్యికి దూరంగా. చదువుకునే గదిలో పట్టీల పై ముఖం ఎండ వైపు తిరిగేలా కాస్త వాల్చితే, కొంత వెలుగు కప్పుకు ఎగసి మెత్తగా దిగుతుంది. పగలే లైటు వేయాల్సిన అవసరం తగ్గుతుంది. రోడ్డు దుమ్ము మీదపడే ఇంట్లో వారం తిరక్కుండానే పట్టీలు తుడవాల్సి వస్తుందన్న ఫిర్యాదు నిజమే. అక్కడ గుడ్డను చుట్టి పైకి లేపే రోలర్ బ్లైండ్ నయం. పడకగదికైతే వెలుగును రానివ్వని బ్లాక్‌అవుట్ రోలర్. పల్చటి సన్‌స్క్రీన్ గుడ్డను మాత్రం పగటి పూట షాపులో చూసి నమ్మకూడదు. పగలు బయటివాళ్లకు ఏమీ కనబడదు. రాత్రి లోపల దీపం వెలిగితే అంతా కనబడుతుంది.

చివరగా ఒక జాగ్రత్త. తెరను పైకి లాగే తాడు పసిపిల్లల మెడకు చుట్టుకుని ప్రాణాలు తీసిన ఘటనలు అనేకం. అందుకే అమెరికాలో 2018లో తెచ్చిన ప్రమాణం ప్రకారం రెడీమేడ్ బ్లైండ్స్‌కు పిల్లలకు అందే తాడు ఉండకూడదు. ఇప్పుడు స్ప్రింగు సాయంతో చేత్తో నెడితే కదిలే రకాలు దొరుకుతున్నాయి, కాస్త ఖరీదైనా చిన్నపిల్లలున్న ఇంట్లో ఏ గదికైనా అవే తీసుకోవాలి. తాడున్నవి ఇప్పటికే ఉంటే, తాడును పిల్లలకు అందనంత ఎత్తున గోడకు బిగించిన కొక్కేనికి చుట్టి, మంచాన్ని, ఉయ్యాలను కిటికీ దగ్గర్నుంచి జరపాలి.